గొడ్డు వచ్చిన వేళ

"గొడ్డు వచ్చిన వేళ, బిడ్డ వచ్చిన వేళ" అని మన పెద్దల మాట. కొత్త పశువు కొట్టంలో కాలుపెట్టిన ఘడియా, కొత్త కోడలు గడప దాటి లోనికి వచ్చిన ఘడియా ఆ ఇంటి కలిమిలేములను నిర్ణయిస్తాయని దీని భావంగా మా వైపు చెప్పుకొంటారు. సామెతలన్నీ శాస్త్రాలు కావు. అయినా ఈ సామెతలో ఒక సగం అక్షరాలా నిజమనీ, మిగిలిన సగం ఒక ఆడకూతురి పట్ల ఘోరమైన అన్యాయమనీ నేను మా ఇంటి అనుభవంతోనే గ్రహించాను. ఆ అనుభవాన్ని దాచుకొనక విద్యార్థి మిత్రుల ముందూ, కళాశాల పాలకవర్గ పెద్దల ముందూ ఉంచడమే ఈ వ్యాసోద్దేశం.

మాది పాడి మీద బ్రతికే కుటుంబం. మా పెదనాన్నగారి కొట్టంలో నాలుగు గేదెలు, ఒక సంకరజాతి ఆవు ఉండేవి. నేను ఇంటర్మీడియెట్ చదివే రోజులలో ఆయన సంతకు వెళ్ళి ఏడు నెలల చూడి గేదెను ఒకదానిని కొని తెచ్చారు. చూడముచ్చటైన గేదె. నిగనిగలాడే ఒళ్ళు, మెలితిరిగిన కొమ్ములు, మంచి పొదుగు. ఆ నెలలోనే మా అన్నగారి వివాహం జరిగి వదినగారు కాపురానికి వచ్చారు. మూడు వారాలు గడిచేసరికి ఆ గేదె ఈసుకుపోయింది. మాయ పడలేదు. పెదనాన్నగారు అలవాటు ప్రకారం ఒట్టి చేతులతోనే మాయను లాగివేశారు. చచ్చిన దూడను పెంటకుప్ప మీద పారవేశారు. దానిని కుక్కలు వీధి వెంట ఈడ్చుకొని పోయాయి. తరువాత నాలుగైదు నెలలలో మా కొట్టంలోని మరి రెండు గేదెలు అదే తీరున నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి.

ఇంటిలో ఎవరి నోట విన్నా ఒకే మాట. కొత్త కోడలి పాదం మంచిది కాదన్నారు. ఉర్దూ మాట్లాడే ఇరుగుపొరుగువారు "నజర్" తగిలిందన్నారు, తెలుగు మాట్లాడేవారు "దిష్టి" తగిలిందన్నారు. భాషలు రెండు, అపోహ ఒక్కటే. వదినగారిని కొంతకాలం పుట్టింటికి పంపివేశారు. ఆమె కన్నీరు పెట్టుకొంటూ బండి ఎక్కిన దృశ్యం నాకింకా గుర్తున్నది. సంత నుండి వచ్చిన గేదె సంగతిని మాత్రం ఎవరూ ఆలోచించలేదు. అది చక్కగా మేత మేస్తున్నది, నెమరు వేస్తున్నది. దానిని అనుమానించడానికి ఆధారం ఏమున్నది? కలిసిరాలేదన్న మాటతో దానిని మరొక ఊరి సంతలో అమ్మివేశాం. ఈసుకుపోయిన సంగతి కొన్నవారికి మేము చెప్పలేదు. మాకు అమ్మినవాడు మాకు చెప్పనట్లే!

ఆ తరువాత పెదనాన్నగారికి జ్వరం పట్టుకొన్నది. సాయంకాలానికి పెరిగేది, రాత్రి ఒళ్ళంతా చెమటలు పట్టి తెల్లవారేసరికి తగ్గేది. కొన్నాళ్ళు విడిచినట్లే విడిచి మళ్ళీ వచ్చేది. నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు, అన్నద్వేషం. మొదట టైఫాయిడ్ అన్నారు, తరువాత మలేరియా అన్నారు, చివరకు క్షయ అని అనుమానించారు. మందులు మారాయి గాని జ్వరం మారలేదు. నాలుగు నెలల తరువాత పట్నంలో ఒక వైద్యులు అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడిగారు: "మీకు పశువులున్నాయా? ఈ మధ్య ఏదైనా ఈసుకుపోయిందా?" రక్తపరీక్ష జరిగింది. బ్రూసెల్లోసిస్ అని తేలింది. ఆరు వారాలు రెండు రకాల మందులు విడవకుండా వాడిన మీదట ఆయన లేచి తిరగగలిగారు. మా కొట్టానికీ, మా పెదనాన్నగారి మంచానికీ నడుమ ఉన్న దారి ఆ ఒక్క ప్రశ్నతో మాకు కనిపించింది. ఆ దారిలో మా వదినగారి పాదముద్రలు ఎక్కడా లేవు.

ఈ వ్యాధి చరిత్ర తెలుసుకొంటే మా అజ్ఞానం మా ఒక్కరిదే కాదని బోధపడుతుంది. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే ఒక చిన్న ద్వీపం ఉన్నది. అక్కడి బ్రిటిష్ సైనికులు అంతుపట్టని జ్వరంతో ఏళ్ళ తరబడి బాధపడేవారు. డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు 1887లో, మరణించిన సైనికుల ప్లీహం నుండి ఈ జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని వేరుచేశారు. ఆయన పేరు మీదనే దానికి బ్రూసెల్లా అనే పేరు వచ్చింది. అయితే అది మనుషులకు ఎక్కడి నుండి వస్తున్నదో మరి 18 సంవత్సరాల వరకు తెలియలేదు. 1905లో మాల్టా దేశీయుడైన జమిత్ అనే వైద్యుడు మేకల రక్తాన్ని పరీక్షించి అవే మూలమని నిరూపించారు. ఆ మేకలు ఏ రోగమూ లేనట్లు పుష్టిగా ఉండి కడవల కొద్దీ పాలిచ్చేవి. 1906లో సైనికులకు పచ్చి మేకపాలు నిషేధించగానే వారిలో జ్వరం గణనీయంగా తగ్గిపోయింది.

మరొక వైపు డెన్మార్కు దేశంలో బెర్న్‌హార్డ్ బ్యాంగ్ అనే పశువైద్యుడు 1897లో ఈసుకుపోయే ఆవులలో ఒక సూక్ష్మజీవిని కనుగొన్నారు. మాల్టా జ్వరపు క్రిమీ, ఈ ఆవుల క్రిమీ దగ్గరి చుట్టాలన్న సంగతిని 1918లో లోకానికి చాటినది అమెరికాకు చెందిన ఆలిస్ ఎవాన్స్ అనే యువతి. కనుక పచ్చి ఆవుపాలు మనుషులకు ప్రమాదకరమని ఆమె హెచ్చరించారు. పెద్దపెద్ద శాస్త్రవేత్తలు ఆమె మాటను చాలాకాలం నమ్మలేదు. పరిశోధనలో ఉండగా ఆమెకే ఆ వ్యాధి సోకి ఏళ్ళ తరబడి బాధించింది. చివరకు ఆమె మాటే నిలిచింది. మన కళాశాలలో విజ్ఞానశాస్త్రం చదివే సోదరీమణులు ఆమె జీవితాన్ని ఒకసారి తెలుసుకోవాలని నా కోరిక.

ఇంతకూ ఈ వ్యాధి పశువులో చేసే పని ఏమిటి? క్రిమి మేతతోనో నీటితోనో నోటి ద్వారా ప్రవేశించి రక్తంలో కలుస్తుంది. చూడి పశువు గర్భాశయం, మాయ దానికి అత్యంత అనుకూలమైన స్థానాలు. అక్కడ అది కోట్ల సంఖ్యలో పెరిగి మాయను చెడగొడుతుంది. చూడి చివరి నెలలలో దూడ ఈసుకుపోతుంది. మాయ త్వరగా పడదు. ఆ పిమ్మట కొన్ని పశువులు ఎదకు సరిగా రావు, వచ్చినా చూడి కట్టవు. అయితే అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. చాలా పశువులు ఒక్కసారి మాత్రమే ఈసుకుపోతాయి. తరువాతి ఈతలలో దూడలు మామూలుగానే పుడతాయి. "ఒక్కసారి తప్పింది, ఇప్పుడు బాగైపోయింది" అని రైతు సంతోషిస్తాడు. కాని వ్యాధి పోలేదు. ఈనిన ప్రతిసారీ ఉమ్మనీటిలోనూ, మాయలోనూ, తరువాత పాలలోనూ క్రిములు వెలువడుతూనే ఉంటాయి. అటువంటి తల్లికి పుట్టిన పెయ్యలలో కొన్ని, వ్యాధిని లోలోపల దాచుకొని తమ మొదటి ఈతలో గాని బయటపెట్టవు. రోగలక్షణాలతో మంచాన పడే పశువు కంటె, ఆరోగ్యంగా కనిపిస్తూ రోగాన్ని పంచిపెట్టే పశువు వెయ్యిరెట్లు ప్రమాదకరం కాదా?

మన దేశంలో ఈ వ్యాధి ఎంతవరకు వ్యాపించి ఉన్నది? 1998లో వెలువడిన ఒక సర్వేలో 23 రాష్ట్రాల నుండి సేకరించిన 30,437 నమూనాలు పరీక్షించారు. ఆవుజాతిలో నూటికి 1.9, గేదెజాతిలో నూటికి 1.8 చొప్పున వ్యాధి సోకిన గుర్తులు కనిపించాయి. దీర్ఘకాలపు పరిశీలనలను సమీక్షించిన శాస్త్రజ్ఞులు 2002లో ఆవులలో నూటికి 5, గేదెలలో నూటికి 3 అని చెప్పారు. "నూటికి రెండో, మూడో! దీనికింత ఆందోళన ఎందుకు?" అని కొందరు మిత్రులు అడగవచ్చు. దానికి నా సమాధానాలు రెండు.

మొదటిది, మన పశుసంపద సంఖ్య. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతి పశువులు 19 కోట్ల 25 లక్షలు, గేదెజాతి 10 కోట్ల 98 లక్షలు. పై రెండు అంచనాలలో చిన్నదానినే తీసుకొని లెక్కవేసినా ఆవుజాతిలో 36 లక్షలకు పైగా, గేదెజాతిలో 19 లక్షలకు పైగా పశువులు అవుతాయి. ఈ వ్యాధి వలన మన పశుసంపదకు కలిగే నష్టం సుమారు 340 కోట్ల డాలర్లని 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ నష్టంలో అత్యధిక భాగం ఆవుగేదెల వలన వచ్చినదే.

రెండవది, సగటు చేసే మోసం. జిల్లా సగటు వర్షపాతం బాగున్నదని పత్రికలో వ్రాసినంత మాత్రాన ఎండిన మా ఊరి చెరువు నిండదు. ఈ వ్యాధి దేశమంతటా సమానంగా చల్లినట్లు ఉండదు. పది ఊళ్ళలో ఒక్క పశువుకూ లేకపోవచ్చు, పదకొండవ ఊరిలో ఒకే కొట్టంలో సగం పశువులకు ఉండవచ్చు. ఒకటి రెండు గొడ్లను పెరట్లో కట్టుకొన్న పేదరైతు కంటె, పెక్కుచోట్ల నుండి పశువులను కొని ఒకేచోట కిక్కిరిసి కట్టే పెద్ద డెయిరీఫారాలలో ఇది ఎక్కువగా కనిపిస్తుందని పరిశీలనలు పదే పదే చెబుతున్నాయి. కనుక "నూటికి ఎంత?" అనే ప్రశ్న కంటె "ఏ కొట్టంలో? ఎందువలన?" అనే ప్రశ్నలే మనకు ముఖ్యం.

ఎందువలన అనే ప్రశ్నకు మొట్టమొదటి జవాబు మన సామెతలోనే ఉన్నది. గొడ్డు వచ్చిన వేళ! పరీక్ష లేకుండా కొని తెచ్చిన పశువే ఈ వ్యాధికి ప్రధాన ద్వారం. మనవారు సంతలో గొడ్డును కొనేటప్పుడు సుడులు చూస్తారు, పళ్ళు లెక్కపెడతారు, పొదుగు తడుముతారు, ఎన్నో ఈతో అడుగుతారు. "ఎప్పుడైనా ఈసుకుపోయిందా?" అని మాత్రం అడగరు. అడిగినా దళారి నిజం చెప్పడు. కొని తెచ్చిన రోజుననే దానిని పాత పశువుల నడుమ కట్టి, అదే గాబులో కుడితి పెడతారు.

రెండవ కారణం ఈనే సమయంలో మన అజాగ్రత్త. ఈసుకుపోయిన దూడలోనూ, మాయలోనూ, ఉమ్మనీటిలోనూ ఉన్నన్ని క్రిములు మరెక్కడా ఉండవు. ఎండ తగిలితే కొద్ది గంటలలో నశించే ఈ క్రిమి తేమ, నీడ ఉన్నచోట నెలల తరబడి బ్రతికి ఉంటుంది. మన కొట్టాలలో ఆ రెండింటికీ కొదవ లేదు. చూడి పశువు అందరి మధ్యనే ఈనుతుంది, తడిసిన గడ్డిని పక్క పశువు మేస్తుంది, మాయను కుక్కలు వీధుల వెంట ఈడుస్తాయి. ఈనే గొడ్డును వేరొక పాకలో కట్టడం, ఈసుకుపోయిన దూడనూ మాయనూ తడిసిన గడ్డితో సహా లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చడం, నేలను క్రిమిసంహారక ద్రావణంతో కడగడం ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. అలవాటు కాని పనులు మాత్రమే.

తక్కిన కారణాలు క్లుప్తంగా చెబుతాను. మంద పెద్దదయ్యే కొద్దీ, పశువుల వయస్సూ ఈతలూ పెరిగే కొద్దీ వ్యాధి సోకే అవకాశం పెరుగుతుంది. ఆవుగేదెలను గొర్రెలు, మేకలతో కలిపి ఉంచడం, ఊరి మందలన్నీ ఒకే బీడులో మేసి ఒకే కుంటలో నీరు త్రాగడం కూడా ప్రమాద హేతువులే. ఊరంతటికీ ఒకే దున్నపోతును తిప్పడం కంటె, పరీక్షించిన ఆబోతుల వీర్యంతో చూడి కట్టించడం క్షేమం.

ఇక మనుషుల సంగతి. ఈ విషయం మన కళాశాలకు మరీ దగ్గరది. మనలో పాడి ఇళ్ళవారున్నారు, గొర్రెలు మేకల వ్యాపారం చేసే ఇళ్ళవారున్నారు, మాంసవృత్తిలో ఉన్న కుటుంబాలవారున్నారు. మేకలు, గొర్రెల నుండి వచ్చే బ్రూసెల్లా జాతి మనుషులలో మరింత తీవ్రమైన జ్వరాన్ని కలిగిస్తుంది. చేతి మీది చిన్న గాయం చాలు, క్రిమి లోనికి ప్రవేశించడానికి. పశువు ఈనినప్పుడు మాయ తీసేది, కొట్టం కడిగేది, పాలు పితికేది చాలా ఇళ్ళలో స్త్రీలే. గర్భిణులకు ఈ వ్యాధి సోకితే గర్భస్రావం జరిగే ప్రమాదం ఉన్నది. కొత్త కోడలి వలన గొడ్డు ఈసుకుపోదు గాని, ఈసుకుపోయిన గొడ్డు వలన కొత్త కోడలికి ముప్పు రావచ్చు. మన నమ్మకం సత్యాన్ని ఎంతగా తలక్రిందులు చేసిందో చూడండి!

పాల విషయంలో మన తెలుగిళ్ళ ఆచారం ఒకటి మనలను కాపాడుతున్నది. పాలు పొంగేదాకా కాచనిదే మన తల్లులు వాడరు. కాచిన పాలలో ఈ క్రిమి బ్రతకదు. 63 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచినా, 72 డిగ్రీలలో 15 సెకన్లు ఉంచినా చస్తుంది. అయితే పిల్లలకు బలమని చెప్పి పొదుగు దగ్గరనే గుమ్మపాలు త్రాగించే అలవాటు పల్లెలలో ఇంకా ఉన్నది. ఆ బలంతో పాటు జ్వరం కూడా వస్తుందని తెలిస్తే ఏ తండ్రి అయినా త్రాగిస్తాడా?

ఈ వ్యాధికి నివారణ లేదా అంటే, ఉన్నది. 4 నుండి 8 నెలల వయసులోని పెయ్యదూడలకు జీవితంలో ఒకే ఒక్కసారి టీకా వేయిస్తే చాలు. మగదూడలకు, చూడి పశువులకు ఈ టీకా వేయరాదు. ఇది సజీవమైన టీకా కనుక వేసేవారు చేతికి గుచ్చుకోకుండా చూసుకోవాలి. 2019 సెప్టెంబరులో మథురలో కేంద్ర ప్రభుత్వం జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. గాలికుంటు వ్యాధికీ, బ్రూసెల్లోసిస్‌కూ కలిపి అయిదేండ్లకు 13,343 కోట్ల రూపాయలు కేటాయించి, ఏటా 3 కోట్ల 60 లక్షల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా వేయాలని తలపెట్టింది. ఆ టీకా తయారయ్యే చోట్లలో మన హైదరాబాదు ఒకటి. 1982లో స్థాపితమైన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థ దానిని ఉత్పత్తి చేస్తున్నది. నగరంలో తయారయ్యే టీకా నగరానికి వంద మైళ్ళ దూరంలోని పెయ్యదూడకు అందకపోతే తప్పు టీకాది కాదు. దూడకు ఎనిమిది నెలలు నిండేలోగా పశువైద్యశాల గడప త్రొక్కని మనదే.

చట్టం కూడా ఉన్నది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టంలో బ్రూసెల్లోసిస్ పేరు చేరి ఉన్నది. అటువంటి వ్యాధి తన పశువుకు ఉన్నదని అనుమానించిన యజమాని ఆ సంగతి తెలియజేయాలనీ, వ్యాధి ఉన్నదని తెలిసిన పశువును సంతకు తేరాదనీ ఆ చట్టం చెబుతున్నది. మరి మా పెదనాన్నగారు చేసినదేమిటి? మాకు అమ్మినవాడు చేసినదేమిటి? తెలియక చేశామనడం సగం నిజమే. వ్యాధి పేరు తెలియదు గాని, ఆ గేదె ఈసుకుపోయిందని మాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. మా గేదె ఏ ఊరు చేరిందో, ఏ కొట్టంలో ఎన్ని దూడలను నేల రాల్చిందో, ఎవరి ఇంటిలో ఎవరికి జ్వరం తెచ్చిందో, ఏ కొత్త కోడలిని పుట్టింటికి పంపించిందో మేము ఎన్నటికీ తెలుసుకోలేము. ఈ వ్యాధిని ఊరి నుండి ఊరికి మోసేది క్రిమి ఒక్కటే కాదు, మన మౌనం కూడా. ఇదే నా అభిప్రాయం.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. "నిజం చెబితే ఆ గొడ్డును కొనేవారెవరు? అప్పుచేసి కొన్న పేదవాడు ఆ నష్టాన్ని ఎలా భరిస్తాడు?" ఈ ఆక్షేపణను నేను తేలికగా త్రోసివేయలేను. కొన్ని దేశాలలో వ్యాధి ఉన్న పశువులను పరీక్షించి వధించి, యజమానులకు పరిహారమిచ్చి దీనిని రూపుమాపారు. ఆస్ట్రేలియా 1989లో తన పశువులకు ఈ వ్యాధి నుండి విముక్తి కలిగినట్లు ప్రకటించుకొన్నది. మన దేశంలో గోసంరక్షణ చట్టాలనుబట్టీ, ప్రజల మనోభావాలనుబట్టీ ఆ మార్గం సాధ్యం కాదు. అప్పుడు మనకు మిగిలేవి టీకా, పరీక్ష, వ్యాధి ఉన్నదానిని వేరుగా ఉంచడం. వేరుగా ఉంచిన పశువు మేత ఖర్చు ఎవరిది? అది రైతు ఒక్కడిదే అంటే అతడు రాత్రికి రాత్రే దానిని సంతకు తోలుతాడు. కనుక నిజం చెప్పిన రైతుకు నష్టం పూర్తిగా పూడ్చే ఏర్పాటు ఉండాలి. సత్యం చెప్పినవాడు చితికిపోయి, దాచినవాడు బాగుపడే సంతలో నీతిబోధలు పనిచేయవు. ఆ నష్టం పూడ్చడానికి అయ్యే వ్యయం, ఏటా కలిగే నష్టంతో పోల్చితే అల్పమనే నేను నమ్ముతున్నాను.

పాల సేకరణ కేంద్రాలవారికి కూడా ఒక మనవి. పూటపూటకూ ప్రతి రైతు పాలలో వెన్న శాతం కొలుస్తున్నారు. నీళ్ళు కలిపితే క్షణంలో పట్టుకొంటున్నారు. ఆవుపాలలో ఈ వ్యాధిని పసికట్టడానికి పాలవలయ పరీక్ష అనే సులభమైన పద్ధతి ఉన్నది. గొట్టంలోని పాలకు రంగుపట్టిన ద్రవాన్ని చేర్చి ఉంచితే, వ్యాధి ఉన్న పక్షంలో పైకి తేలిన మీగడ వద్ద నీలి వలయం ఏర్పడుతుంది. మంద మొత్తం పాలను కలిపి ఒకే నమూనాగా పరీక్షించవచ్చు. అనుమానం వస్తే అప్పుడు పశువుల రక్తాన్ని విడివిడిగా పరీక్షిస్తారు. వెన్నను కొలిచే చేతులు ఏడాదికి ఒకటి రెండు సార్లు రోగాన్ని ఎందుకు కొలువరాదు?

కళాశాల పాలకవర్గ పెద్దలకు నా విన్నపాలు రెండే. మొదటిది, మన వసతిగృహానికి పాలు పోసే కొట్టాలకు పరీక్ష జరిగిందో లేదో విచారించాలి. పాలు కాచకుండా ఏ పూటా వాడరాదని వంటవారికి కట్టడి చేయాలి. రెండవది, ఈ ఏడాది జాతీయ సేవాపథకం శిబిరాన్ని పాడి ఎక్కువగా ఉన్న ఒక గ్రామంలో ఏర్పాటుచేసి, పశువైద్యుల సాయంతో ఆ ఊరి పెయ్యదూడలన్నింటికీ టీకా వేయించే కార్యక్రమం చేపట్టాలి. రోడ్లు ఊడ్చి, మొక్కలు నాటి వచ్చే శిబిరాలు మంచివే. కాని ఒక ఊరి పెయ్యలన్నింటికీ టీకా వేయించిన శిబిరం ఆ ఊరికి పదేండ్లు గుర్తుంటుంది. మనకు ఉర్దూ, తెలుగు రెండూ వచ్చు. ఈ రెండు భాషలలోనూ ఒక్కొక్క పుట కరపత్రం వ్రాసి, సంత జరిగే రోజున పంచడానికి మన విద్యార్థులు చాలరా?

విద్యార్థి మిత్రులారా! మీ ఇంటిలో కొత్త గొడ్డును కొనబోయే ముందు మీ పెద్దలతో మర్యాదగా రెండు మాటలు చెప్పండి. ఆ పశువు చెవికి 12 అంకెల పసుపు బిళ్ళ ఉన్నదో లేదో చూడమనండి. ఉంటే ఆ సంఖ్య సాయంతో టీకాల వివరాలు కనుక్కోమని పశువైద్యులను అడగండి. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా దానిని వేరుగా కట్టమనండి. గొడ్డు ఈసుకుపోతే చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోనీయకండి. ఇంటిలో ఎవరికైనా విడవని జ్వరం వస్తే, వైద్యులు అడగకపోయినా మీరే ముందుగా "మాకు పశువులున్నాయండి" అని చెప్పండి. ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే మా పెదనాన్నగారికి నాలుగు నెలల బాధ తప్పేది.

మా వదినగారు తిరిగి వచ్చారు. ఇప్పుడు మా కొట్టం బాధ్యత ఆమెదే. దూడ పుట్టిన తేదీని గోడ మీద వ్రాసి, టీకా వేయించవలసిన నెలను లెక్కపెట్టేది ఆమే. పెదనాన్నగారు జబ్బు పేరు తెలిసిన నాటి నుండి ఆమె పాదం గురించి ఎన్నడూ మాట్లాడలేదు. కాని జరిగినదానికి మా ఇంటిలో ఎవరూ ఆమెను క్షమించమని అడగలేదు. మన ఇళ్ళలో పెద్దలు కోడళ్ళను క్షమాపణ అడిగే ఆచారం లేదు. ఈ వ్యాసం ఆమె చదువుతుందని నాకు తెలుసు. ఇంటి తరఫున ఆ క్షమాపణను నేను ఇక్కడ చెప్పుకొంటున్నాను.